బడిలో మాత్ర వేసినా పాపకి దురద తగ్గలేదు: ఏ మందు వాడాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది సూళ్లూరుపేట. పదేళ్ళుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. పాపకి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. బాబుకి మూడేళ్ళు, పదమూడు కిలోలు ఉంటాడు. పాపకి రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో మలద్వారం దగ్గర ఒకటే దురద. నిద్రలోంచి లేచి ఏడుస్తుంది. ఓ రాత్రి టార్చ్ వేసి చూస్తే తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు రెండు కదులుతూ కనిపించాయి. ఆగస్టులో బడిలో పూచ్చి మాత్ర, అంటే ఆల్బెండజోల్, వేశారు. పది రోజులు బాగుంది, మళ్ళీ మొదలైంది. సెప్టెంబరులో మెడికల్ షాపులో అడిగితే మెబెండజోల్ ఇచ్చారు, ఒకసారి వేశాను. రెండు మూడు వారాలు బాగుండి మళ్ళీ అదే పరిస్థితి. ఇప్పుడు షాపతను 'ప్లస్' అని రాసి ఉన్న మాత్రలు ఇచ్చి, "ఇది స్ట్రాంగ్ అమ్మా, రెండు మందులు కలిసి ఉంటాయి, ఇద్దరు పిల్లలకీ వేసేయండి" అన్నాడు. భయమేసి ఇంకా వేయలేదు. బెంగళూరులో ఉన్న మా ఆడపడుచు పిల్లలకి వాళ్ళ డాక్టరు మూడు రోజుల కోర్సు రాశారట. మా అత్తగారేమో ఆముదం పట్టమంటున్నారు, తీపి ఎక్కువ పెట్టడం వల్లే పురుగులు పడ్డాయంటున్నారు. బడిలో ఉచితంగా ఇచ్చే మాత్ర నాసిరకమా? ఇన్ని మందుల్లో ఏది మంచిది? పాప సన్నగా ఉంటుంది, పురుగులు పోతే ఒళ్ళు చేస్తుందా? సెలవులకి ఊరు వెళ్తే పిల్లలు చెప్పుల్లేకుండా తోటల్లో తిరుగుతారు, దానివల్ల వచ్చిందా? ఇల్లు శుభ్రంగా ఉంచుకోవట్లేదేమో అని బంధువుల చేత మాట పడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది.
ఓ తల్లి, విల్లివాక్కం

సమాధానం:

అమ్మా, ముందు మీ చివరి మాటకి జవాబు చెబుతాను. మీ ఇల్లు శుభ్రంగా లేకపోవడం వల్ల ఇది రాలేదు. మీరు టార్చ్ వేసి చూసిన పురుగు రోజూ తడిబట్టతో తుడిచే ఇళ్ళలోనూ ఉంటుంది, డబ్బున్న వాళ్ళ ఇళ్ళలోనూ ఉంటుంది, అమెరికాలో పిల్లలకీ ఉంటుంది. బడికి వెళ్ళే వయసు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకరి పెన్సిలు ఒకరు నోట్లో పెట్టుకునే చోటల్లా అది తిరుగుతూనే ఉంటుంది. పాపని కూడా ఏమీ అనకండి. దురద పెడితే నిద్రలో గోక్కోవడం ఆ బిడ్డ తప్పు కాదు.

ఇక మందుల సంగతి. "ఏది మంచిది" అన్న ప్రశ్నకి ముందు "ఏ పురుగుకి" అన్న ప్రశ్న ఒకటి ఉంది. మన తెలుగులో కడుపులో ఏ పురుగున్నా నులిపురుగులనే అంటాం. ప్రభుత్వం వాళ్ళు కూడా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్ని నులిపురుగుల నివారణ దినోత్సవం అనే అంటున్నారు. కానీ ఆ కార్యక్రమం ముఖ్యంగా మూడు రకాల పురుగుల కోసం పెట్టింది. ఒకటి ఏలికపాము, జానెడు పొడవు నుంచి మూరెడుకి కొంచెం తక్కువ దాకా పెరిగే లావుపాటి పురుగు. రెండోది కొంకిపురుగు, పేగు గోడని కరిచి పట్టుకుని రక్తం పీల్చేది, హుక్‌వార్మ్ అంటారు. మూడోది కొరడాపురుగు, విప్‌వార్మ్. ఈ మూడూ మట్టి ద్వారా వస్తాయి. మలంతో నేల మీద పడ్డ గుడ్లు మట్టిలో కొన్నాళ్ళుండి ముదిరాక గానీ మనిషికి అంటుకోవు.

మీ పాపకున్నది ఈ మూడిట్లో ఏదీ కాదు. రాత్రిపూట దురద, తెల్లటి దారప్పోగు, అది కదలడం: ఇది అసలైన నులిపురుగు, పిన్‌వార్మ్. దీనికి మట్టితో పనిలేదు. ఆడపురుగు సెంటీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. పిల్ల నిద్రపోయాక మలద్వారం బయటికి వచ్చి, ఆ చుట్టూ చర్మం మీద వేలకొద్దీ గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లు నాలుగైదు గంటల్లోనే అంటుకోవడానికి సిద్ధమైపోతాయి. నిద్రలో గోక్కుంటే గోళ్ళలో చేరతాయి, గోళ్ళలోంచి నోట్లోకి, దుప్పటి మీదికి, పక్కన పడుకున్న తమ్ముడి చేతికి. దుప్పట్ల మీదా తలుపు గొళ్ళాల మీదా రెండు మూడు వారాలు బతికి ఉండగలవు. అందుకే ఇది ఒక పిల్ల జబ్బు కాదు, ఇంటిల్లిపాదికీ వచ్చే జబ్బు. మీ ఉత్తరంలో మందు వేసింది పాప ఒక్కదానికే అని చదవగానే, ఎందుకు తిరగబెడుతోందో సగం అర్థమైపోయింది.

మిగతా సగం రెండో మోతాదు. ఆల్బెండజోల్ గానీ మెబెండజోల్ గానీ పేగులో ఉన్న పెద్ద పురుగుల్ని చంపుతాయి. గుడ్ల మీదా, అప్పుడే పొదిగిన పిల్ల పురుగుల మీదా అంత గట్టిగా పనిచేయవు. అందుకే సరిగ్గా రెండు వారాలకి మళ్ళీ ఒక మోతాదు వేయాలి, ఆ పిల్ల పురుగులు పెద్దవై గుడ్లు పెట్టేలోపే. మీ పాపకి ఆగస్టులో ఒకటి పడింది, సెప్టెంబరులో వేరే మందు ఒకటి పడింది. రెండూ బాగానే పనిచేశాయి, కాబట్టే కొన్నాళ్ళు దురద తగ్గింది. రెండుసార్లూ పని సగంలో ఆగిపోయింది, అంతే. బడి మాత్ర నాసిరకం కాదమ్మా. బయట జెంటెల్, బ్యాండీ అని రకరకాల పేర్లతో అమ్మేదీ అదే ఆల్బెండజోల్, బడిలో ఇచ్చేదీ అదే 400 మిల్లీగ్రాములు. బడి కార్యక్రమం ఆరు నెలలకోసారి ఒక్క మాత్ర ఇచ్చి వదిలేసేలా తయారైంది, నులిపురుగుకి రెండు వారాల లెక్క కావాలి. ఆ తేడా ఎవరూ తల్లులకి చెప్పరు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో ఇదే కథ ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను.

ఇప్పుడు మందులు ఒక్కొక్కటిగా చూద్దాం. మీరు అడిగినవన్నీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే గానీ మనసు కుదుటపడదు.

ఆల్బెండజోల్, మెబెండజోల్ రెండూ అన్నదమ్ముల్లాంటివి. పురుగు తన కణాల్లో కట్టుకునే సన్నటి గొట్టాల్లాంటి నిర్మాణాల్ని ఇవి కట్టనివ్వవు. దాంతో పురుగు గ్లూకోజు తీసుకోలేక రెండు మూడు రోజుల్లో తిండి లేక చస్తుంది. మందు వేసిన రాత్రే దురద పోలేదని కంగారు పడొద్దని చెప్పేది అందుకే. పైరాంటెల్ అని ఇంకోటి ఉంది, పిల్లలకి సిరప్‌గా దొరుకుతుంది. అది పురుగు కండరాల్ని బిగదీసి పక్షవాతం వచ్చినట్టు చేస్తుంది, పట్టు వదిలిన పురుగు మలంతో బయటికి పోతుంది. నులిపురుగు విషయంలో ఈ మూడిట్లో ఏది వాడినా ఫలితం దాదాపు ఒకటే. మోతాదులే వేరు: ఆల్బెండజోల్ అయితే 400, మెబెండజోల్ అయితే 100 మిల్లీగ్రాములు, పైరాంటెల్ అయితే పిల్ల బరువుని బట్టి. ఏదైనా రెండు వారాలకి మళ్ళీ వేయాల్సిందే. రెండు మోతాదులూ ఇంట్లో అందరికీ పడితే పదిమందిలో తొమ్మిది మందికి పైగా బాగవుతారు.

తేడా కనిపించేది మట్టి పురుగుల దగ్గర. 2008లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ పరిశోధకులు ఇద్దరు, అంతకుముందు జరిగిన పరీక్షల్ని ఏరి ఒకచోట చేర్చి లెక్కగట్టారు. ఒక్క మోతాదుతో ఏలికపాములు పూర్తిగా పోయినవాళ్ళు ఆల్బెండజోల్‌తో 88 శాతం, మెబెండజోల్‌తో 95 శాతం, పైరాంటెల్‌తో 88 శాతం. అంటే ఏలికపాముకి ఏదైనా ఒకటే. కొంకిపురుగు దగ్గరికి వచ్చేసరికి ఆల్బెండజోల్ 72 శాతం, పైరాంటెల్ 31, మెబెండజోల్ 15. ఇదెంత తేడానో చూడండి. రక్తం పీల్చి పిల్లల్ని పాలిపోయేలా చేసేది ఆ కొంకిపురుగే, దానికి మెబెండజోల్ ఒక్క మోతాదు దాదాపు దండగ. మన దేశంలో బడి కార్యక్రమానికి ఆల్బెండజోల్ ఎంచుకోవడం సరైన పనే అని నేను గట్టిగా చెప్పేది ఈ అంకె చూసే. కొరడాపురుగు దగ్గర మాత్రం రెండూ ఓడిపోయాయి: ఆల్బెండజోల్ 28 శాతం, మెబెండజోల్ 36. ఆ పురుగు తన సన్నటి తలభాగాన్ని పెద్దపేగు లోపలి పొరలో దూర్చుకుని ఉంటుంది, దాన్ని ఒక్క మాత్రతో వదిలించడం కష్టం.

మీ ఆడపడుచు పిల్లలకి మూడు రోజుల కోర్సు ఎందుకు రాశారో ఇక్కడే తెలుస్తుంది. మల పరీక్షలో కొరడాపురుగు గుడ్లు కనిపించి ఉంటే రోజుకొకటి చొప్పున మూడు రోజులు ఆల్బెండజోల్ ఇవ్వడం పద్ధతే. ఆ డాక్టరు తప్పు రాయలేదు, మీ పాపకి అది అక్కర్లేదు, రెండూ నిజమే. ఒకరి చీటీ ఇంకొకరికి పనికిరాదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు.

'ప్లస్' మాత్ర గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అందులో ఆల్బెండజోల్‌తో పాటు ఐవర్‌మెక్టిన్ ఉంటుంది. ఐవర్‌మెక్టిన్ గొప్ప మందు, కనిపెట్టిన ఒమురా, క్యాంప్‌బెల్‌లకి 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండూ కలిపి ఇస్తే కొరడాపురుగు మీద బాగా పనిచేస్తుందా అని కొన్నేళ్ళ క్రితం మూడు దేశాల్లో ఒకే పద్ధతిలో చూశారు. లావోస్‌లో ఆల్బెండజోల్ ఒక్కటే ఇస్తే 8 శాతానికి నయమైతే, కలిపి ఇచ్చినప్పుడు 66 శాతానికి నయమైంది. టాంజానియాకి చెందిన పెంబా దీవిలో 6 నుంచి 49కి పెరిగింది. అదే జంట ఐవరీకోస్ట్‌లో మాత్రం 10 నుంచి 14 దాకానే వచ్చింది. కాబట్టి 'స్ట్రాంగ్' అన్న మాటకి అర్థం లేదమ్మా. ఏ ఊళ్ళో, ఏ పురుగు మీద అన్నదే లెక్క. మీ పాప సమస్య కొరడాపురుగు కానే కాదు, ఆ మాత్ర ఆమెకి అక్కర్లేదు. బాబు సంగతి ఇంకా ముఖ్యం: పదిహేను కిలోల కంటే తక్కువ బరువున్న పిల్లలకి ఐవర్‌మెక్టిన్ మామూలుగా ఇవ్వం. మీ బాబు పదమూడు. భయపడి వేయకుండా ఆగారే, చాలా మంచి పని చేశారు. ఆ మాత్రలు షాపుకి తిరిగి ఇచ్చేయండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఇంట్లో ఉన్న నలుగురూ, అత్తగారు మీ దగ్గరే ఉంటే ఆవిడతో కలిపి ఐదుగురూ, ఒకే రోజు ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల మాత్ర వేసుకోండి. రెండేళ్ళు దాటిన పిల్లలకి పూర్తి మాత్రే, మీ బాబుకీ అంతే. ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకైతే సగం, ఏడాది లోపు పసివాళ్ళకి వేయకూడదు. బాబుకి మాత్ర అలాగే చేతికివ్వకండి. మెత్తగా పొడి చేసి రెండు స్పూన్ల నీళ్ళలో కలిపి, కూర్చోబెట్టి, నెమ్మదిగా పట్టండి. ఏడుస్తున్న పిల్లాడి నోరు తెరిచి బలవంతంగా వేస్తే మాత్ర గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది. ఈ మందుతో చిన్నపిల్లలకి నిజంగా జరిగే అపాయాల్లో నేను ఎక్కువగా భయపడేది దానికే. పాప నమిలి మింగితే చాలు. తిన్నాక వేయొచ్చు, పరగడుపున ఉంచక్కర్లేదు. జ్వరంగా ఉన్న రోజు ఆపి, తగ్గాక వేయండి.

మందు వేశాక కొద్దిగా కడుపునొప్పి, వికారం, ఒకటి రెండు విరేచనాలు కావచ్చు, ఒక పూటలో సర్దుకుంటాయి. రెండు విషయాలు మాత్రం ముందే చూసుకోవాలి. మీరు గర్భంతో ఉన్నా, ఉన్నారేమో అన్న అనుమానం ఉన్నా మాత్ర వేసుకోకండి, మీ డాక్టర్ని అడగండి. ఇంట్లో ఎవరికైనా ఫిట్స్ ఉంటే కూడా అడగకుండా వద్దు. మన దక్షిణాదిలో కొందరికి మెదడులో బద్దెపురుగు పిల్లల తిత్తులు ఉండి ఫిట్స్ వస్తుంటాయి. ఆల్బెండజోల్ ఆ తిత్తుల మీద పనిచేసేటప్పుడు చుట్టూ వాపు వచ్చి ఫిట్స్ ఎక్కువ కావచ్చు, దాన్ని డాక్టరు దగ్గరుండి చూసుకోవాలి.

మందు వేసిన మర్నాడు ఉదయం నుంచి రెండు వారాలు కొంచెం ఓపిక పట్టండి. పిల్లలు లేవగానే స్నానం, అంటే చెంబుతో నీళ్ళు పోసి ఆ భాగాన్ని సబ్బుతో కడగడం. రాత్రి పెట్టిన గుడ్లన్నీ అక్కడే కొట్టుకుపోతాయి. ఇదొక్కటి చేసినా సగం యుద్ధం గెలిచినట్టే. గోళ్ళు చిన్నగా కత్తిరించండి. రాత్రి బిగుతైన లోదుస్తులు వేయండి, నేరుగా గోక్కోకుండా. దుప్పట్లు, దిండు గలీబులు మంచం మీద దులపకండి, గుడ్లు గాల్లోకి లేస్తాయి. మడిచి తీసుకెళ్ళి వేడినీళ్ళలో ఉతికి మన చెన్నై ఎండలో ఆరేయండి. అన్నం ముందు, బాత్రూముకి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు. అంతకు మించి ఇల్లంతా డెట్టాలుతో కడుగుతూ కూర్చోవద్దు, దానివల్ల మీ నడుం నొప్పి తప్ప ఏమీ రాదు.

బడిలో పిల్లలందరికీ ఉంటే మళ్ళీ అంటుకోదా అని అడుగుతారేమో. అంటుకోవచ్చు. ఆరు నెలల తర్వాత మళ్ళీ వస్తే అది కొత్తగా అంటుకున్నది, మందు ఓడిపోవడం కాదు. మళ్ళీ ఇలాగే రెండు మోతాదులు. అయితే ప్రతి నెలా ఒక మాత్ర వేసేయడం అనే అలవాటు చేసుకోవద్దు. మన పల్లెల్లో గొర్రెలకి నట్టల మందు పట్టించే వాళ్ళనడగండి, ఒకే మందు ఊరికే పడుతూ పోతే కొన్నేళ్ళకి అది పనిచేయడం మానేస్తుందని వాళ్ళకి తెలుసు. గొర్రెల పేగు పురుగులు ఈ జాతి మందులకే లొంగకుండా తయారయ్యాయి. మనుషుల విషయంలో అక్కడిదాకా రానివ్వకూడదు.

నులిపురుగు అవునా కాదా అని అనుమానం ఉంటే మల పరీక్ష చేయించకండి. అందులో అది చాలాసార్లు కనిపించదు, ఎందుకంటే గుడ్లు పేగులో కాదు, బయట చర్మం మీద పెడుతుంది. పొద్దున్నే పిల్ల లేచీ లేవగానే, కడగకముందే, పారదర్శకంగా ఉండే సెల్లోటేపు ముక్కని ఆ చర్మానికి అద్ది, గాజు పలక మీద అంటించి ల్యాబులో మైక్రోస్కోపు కింద చూస్తారు. ఒక్క రోజు చేస్తే సగం మందిలోనే దొరుకుతుంది, వరసగా మూడు రోజులు చేస్తే పదిలో తొమ్మిది దాకా దొరుకుతుంది. మీరు కళ్ళారా చూశారు కాబట్టి మీకు అదీ అక్కర్లేదు.

మీ ఊరి తోటల ప్రశ్న వేరే పురుగుకి సంబంధించింది, దాన్నీ తేలిగ్గా తీసుకోకూడదు. పాపకి దురద తోటల వల్ల రాలేదు. కానీ కొంకిపురుగు పిల్లలు తడి ఇసుక నేలలో ఉండి, చెప్పుల్లేని కాలి చర్మం గుండా లోపలికి దూరతాయి. ఆరుబయట మలవిసర్జన జరిగే చోటైతే ప్రమాదం ఉన్నట్టే. వేలూరు వైపు తిమిరి, జవ్వాది కొండల్లో క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళు చేసిన పెద్ద అధ్యయనం ఒకటి ఈ ఆలోచన మీదే నడిచింది: బడి పిల్లలకి మాత్రమే మందు వేస్తే సరిపోతుందా, ఊళ్ళో పెద్దలందరికీ వేయాలా అని. ఎందుకంటే కొంకిపురుగు పిల్లల్లో కంటే పొలం పని చేసే పెద్దవాళ్ళలోనే ఎక్కువ పేరుకుని ఉంటుంది, మందు పడేది మాత్రం పిల్లలకి. మీ మామగారు పొలంలో తిరిగే మనిషైతే, నీరసం, ఆయాసం, పాలిపోవడం ఉంటే ఆయనకి మల పరీక్ష, రక్త పరీక్ష చేయించండి. పిల్లలకి ఊళ్ళో చెప్పులు తప్పనిసరి చేయండి. పిల్లలు వినరు, నాకు తెలుసు, అయినా చెబుతూనే ఉండండి.

పాప ఒళ్ళు చేస్తుందా అన్నారు. ఇక్కడ నేను మీకు ఆశ పెట్టను. నులిపురుగు రక్తం పీల్చదు, తిండిని చెప్పుకోదగ్గంతగా తినేయదు. నిద్ర పాడుచేస్తుంది, చిరాకు పెడుతుంది, ఆడపిల్లలకి ఒక్కోసారి ముందువైపు కూడా దురద, మంట తెస్తుంది. అంతకు మించి పిల్ల సన్నబడ్డానికి అది కారణం కాదు. మట్టి పురుగుల విషయంలోనూ ఇదే ప్రశ్న పెద్ద ఎత్తున చూశారు. ఉత్తరప్రదేశ్‌లో దాదాపు పది లక్షల మంది బడి ఈడు రాని పిల్లలతో ఐదేళ్ళపాటు ఒక పరీక్ష జరిగింది, కొన్ని ప్రాంతాల్లో ఆరు నెలలకోసారి ఆల్బెండజోల్ ఇచ్చారు. 2013లో ఫలితాలు వచ్చినప్పుడు బరువులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కడుపునిండా పురుగులున్న పిల్లకి మందు పడితే తప్పకుండా కోలుకుంటుంది, అది నేను కళ్ళారా చూశాను. పురుగులు తక్కువ ఉన్న పిల్లకి మాత్ర బలం మందు కాదు. మీ పాప బరువు, ఎత్తు ఒకసారి పిల్లల డాక్టరు దగ్గర కొలిపించి, పెరుగుదల చార్టులో ఎక్కడుందో చూపించుకోండి, హిమోగ్లోబిన్ పరీక్ష ఒకటి చేయించండి. చాలామంది ఎనిమిదేళ్ళ పిల్లలు సన్నగానే ఉంటారు, ఆరోగ్యంగా ఉంటారు.

తీపి తింటే పురుగులు పడతాయన్నది నిజం కాదు. పురుగు గుడ్డు నోట్లోకి పోనిదే ఎంత బెల్లం తిన్నా పురుగు రాదు. నిద్రలో పళ్ళు కొరకడం, బుగ్గల మీద తెల్లమచ్చలు, వీటిని చూసి కూడా పురుగుల మందు వేసేస్తుంటారు. వాటికీ పురుగులకీ ముడిపెట్టకండి.

ఆముదం దగ్గరికి వద్దాం. మీ అత్తగారిని కొట్టిపారేయకండి, ఆవిడ మాటకి ఒక చరిత్ర ఉంది. 1920ల్లో ఇదే మద్రాసు ప్రెసిడెన్సీలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ వాళ్ళు కొంకిపురుగు మీద కార్యక్రమం నడిపారు. ఆ కాలంలో పురుగులకి వాడిన చెనోపోడియం నూనె లాంటి మందులు మనిషికీ విషమే. పని అయ్యాక మందునీ పురుగునీ కలిపి బయటికి తోసేయడానికి విరేచనం మందు ఇవ్వడం ఆ వైద్యంలో భాగం. మన ఇళ్ళలో నెలకోసారి ఆముదం పట్టడం కూడా అలాంటి పాత పద్ధతే. ఇప్పటి మందులకి ఆ అవసరం లేదు. ఆల్బెండజోల్ చాలావరకు పేగులోనే ఉండి పనిచేయాలి, విరేచనాలు పట్టిస్తే మందు కూడా ముందే వెళ్ళిపోతుంది. మూడేళ్ళ పిల్లాడికి నీళ్ళ విరేచనాలు పట్టించడం మంచిది కూడా కాదు. ఈ సంగతి ఆవిడకి ఇలాగే చెప్పండి. చెప్పాక ఆవిడ చేతే పిల్లలకి మాత్ర ఇప్పించండి, ఆవిడ మాత్ర ఆవిడ వేసుకునేలా చూడండి. పిల్లల పక్కన పడుకునేది ఎక్కువగా నాయనమ్మే కదా.

రెండు మోతాదులూ సరిగ్గా పడ్డ నెలా నెలన్నరకి కూడా దురద అలాగే ఉంటే, మలంలో రక్తమో జిగురో కనిపిస్తే, పాప కనురెప్పల లోపల పాలిపోయినట్టుంటే, కడుపు ఉబ్బి వాంతులు అవుతుంటే షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అప్పుడు మల పరీక్షకి అర్థం ఉంటుంది, ఒకసారి కాక రెండు మూడు రోజుల నమూనాలు ఇవ్వండి.

మొదటి మాత్ర ఈ ఆదివారం వేయండి, అందరూ ఇంట్లో ఉంటారు. వేయగానే గోడ మీద కేలండర్‌లో రెండు వారాల తర్వాతి ఆదివారం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, పక్కన మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో ఆ అంకె వేయండి. ఆ రోజు అన్ని మాత్రలూ ముందే కొని పెట్టుకుని ఉండాలి.